కౌంటరుకు ఇటూ అటూ

పోయిన సంచికలో రాచ్‌డేల్ నేతగాళ్ల కథ చెప్పుకున్నాం. 1844 డిసెంబరులో 28 మంది కూడి టోడ్ లేన్‌లో చిన్న కొట్టు తెరిచారు. లాభం వస్తే కొన్నవాళ్లకే, కొన్న మేరకే పంచుతామన్నారు. అరవై ఏళ్లు తిరిగేసరికి ఆ పద్ధతి ఇంగ్లండంతా అల్లుకుపోయింది. సహకారోద్యమం గురించి రాసేవాళ్లు మామూలుగా ఇక్కడ ఆగి చప్పట్లు కొడతారు. కొట్టుకు యజమానులైన కూలీల గురించి పేజీలకు పేజీలు రాస్తారు గానీ, కొట్లో బల్ల వెనకాల పొద్దుణ్నుంచి రాత్రిదాకా నిలబడే పిల్ల ఊసెత్తరు. ఈ వారం కథ అలా నిలబడ్డ పిల్లదే. బట్టల కొట్లో మొదలైన ఆ పిల్ల బ్రిటన్ చరిత్రలో మొట్టమొదటి మహిళా కేబినెట్ మంత్రి అయింది. మంత్రిగా ఆమె చేసిన ఒక పనిని ఆమె అభిమానులు ఇప్పటికీ గబగబా దాటేస్తారు. మనం దాటకుండా చూద్దాం.

మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ 1873 మార్చి 17న సోమర్‌సెట్‌లోని చార్డ్ అనే చిన్న పట్నంలో పుట్టింది. లేసు మిల్లుల ఊరది. తండ్రి విలియం కూడా లేసు పనివాడే. పదకొండుమంది సంతానంలో ఈమె పదోది. అంతమంది పిల్లలున్న ఇంట్లో ఆడపిల్ల చదువు ఎంతవరకు సాగుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. పదమూడో ఏట ఊరి బడిలోనే చిన్నపిల్లలకు పాఠాలు చెప్పింది. వారానికి మూడు షిల్లింగులిచ్చేవారు. ఆ పని ఏడాదితో అయిపోయింది. పద్నాలుగో ఏట బ్రైటన్ పక్కనున్న హోవ్‌కు వెళ్లి ఒక బట్టల కొట్లో అప్రెంటిస్‌గా కుదురుకుంది. ఆ మొదటి కొట్టు చిన్నది, యజమానురాలు మంచిది, అందర్నీ ఇంటి మనుషుల్లా చూసుకునేది. అసలు లోకం ఎలా ఉంటుందో ఆ తర్వాత చేరిన పెద్ద కొట్లలో తెలిసొచ్చింది.

అప్పటి ఇంగ్లండులో పెద్ద బట్టల కొట్లలో పనిచేసేవాళ్లు కొట్టు మీదో, కొట్టు వెనకో యజమాని చూపించిన చోటే ఉండాలి, యజమాని పెట్టిందే తినాలి. ఇలా బతికేవాళ్లు దేశంలో లక్షల్లో ఉండేవారు. వినడానికి ఉచిత వసతి, భోజనం. లెక్క చూస్తే జీతంలో సగం ఆ పేరుతో యజమాని దగ్గరే ఆగిపోయేది. వారానికి 65 గంటల పైచిలుకు పనికి ఏడాదికి 15 నుంచి 25 పౌండ్లు చేతికొచ్చేవి. ఒక్కో గదిలో వరసగా మంచాలు, పక్కన ఎవరు పడుకోవాలో కూడా యజమానే తేల్చేవాడు. రొట్టె, వెన్న, టీ, మళ్లీ రొట్టె. రాత్రి ఫలానా గంటకు తలుపు తాళం పడుతుంది. ఆ లోపు రాకపోతే జుల్మానా. బిల్లులో అంకె తప్పితే జుల్మానా. కొన్ని కొట్లలో గోడకు వేలాడే నిబంధనల పట్టీ వంద దాటేది. మగ గుమాస్తాకు పెళ్లయితే వేరే కాపురం పెట్టుకోవాలి గనక చాలాచోట్ల ఉద్యోగమే ఊడేది. ఇంకో సంగతి ఉంది. సొంత ఇల్లో, అద్దె ఇల్లో చూపించగలిగినవాడికే అప్పట్లో ఓటు. కొట్టు మీద పడుకునే గుమాస్తా పేరు ఆ జాబితాకు ఎక్కేదే కాదు. నలభై ఏళ్ల మగవాడు, మెడలో టై, చేతిలో గజం బద్ద, ఓటు మాత్రం లేదు!

బ్రైటన్‌లో ఆమెకు ఒక మేలు జరిగింది. లూయిసా మార్టిండేల్ అనే ఉదారవాది, స్త్రీల హక్కుల కోసం పనిచేసే ఆవిడ, ఈ పిల్లలోని చురుకు గమనించి ఇంటికి పిలిచి పుస్తకాలిచ్చింది. రోజంతా రిబ్బన్లు కొలిచే అమ్మాయికి తనకు జరిగేది తలరాత కాదనీ, దీన్ని మార్చే వీలుందనీ ఆ పుస్తకాలతోనే బోధపడింది.

1894లో లండన్ చేరింది. అన్న ఫ్రాంక్ అక్కడ ప్రెస్సులో పనిచేస్తూ యూనియన్‌లో ఉన్నాడు. మూడు నెలలు కొట్టు కొట్టూ తిరిగితే గానీ పని దొరకలేదు. పనిలో కుదురుకున్నాక ఒక రోజు వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు కొనుక్కుని ఫిట్జ్‌రాయ్ స్క్వేర్ దగ్గర తింటూ, పొట్లం కట్టిన పాత పేపరు ముక్క చదివింది. అందులో జేమ్స్ మెక్‌ఫర్సన్ అనే ఆయన రాసిన లేఖ ఉంది. కొట్టు గుమాస్తాలందరూ యూనియన్‌లో చేరండని పిలుపు. ఆయన కొట్టు ఉద్యోగుల జాతీయ యూనియన్ కార్యదర్శి. నూనె కారుతున్న ఆ కాగితం పట్టుకుని ఆమె వెళ్లి సభ్యత్వం తీసుకుంది.

యూనియన్‌కు ఒక చిన్న పత్రిక ఉండేది. దాన్లో రాయమన్నారు. ఎప్పుడు రాయాలి? పగలంతా కౌంటరు, రాత్రి పదిమంది పడుకునే గది. గదిలో దీపం వెలిగిస్తే జుల్మానా. తోటివాళ్లంతా నిద్రపోయాక అర పెన్నీ కొవ్వొత్తి వెలిగించి, వెలుతురు బయటపడకుండా తువ్వాలు అడ్డం కట్టి రాసేది. గ్రేస్ డేర్ అనే మారుపేరు పెట్టుకుంది. ఆ పేర్లో గ్రేస్ ఆమె సొంత పేరులోదే. యజమానికి తెలిస్తే ఆ రాత్రే పెట్టె సర్దుకోవాల్సి వచ్చేది.

1896 నుంచి రెండేళ్లపాటు చేసిన పని ఇంకా సాహసమైంది. మహిళా పారిశ్రామిక మండలి అనే పరిశోధక సంస్థ తరఫున ఒక కొట్టు తర్వాత ఒక కొట్లో ఉద్యోగానికి చేరడం, అక్కడి గదులు, తిండి, పనిగంటలు, జుల్మానాలు రాసుకోవడం, మళ్లీ మానేసి ఇంకోచోట చేరడం. ఇవాళ పత్రికలవాళ్లు రహస్య కెమెరాతో చేసే పనిని ఆమె నోటుపుస్తకంతో చేసింది. ఆ వివరాలు పేపర్లలోకి వచ్చాక, కిటికీ అద్దాల్లో మెరిసే గౌనులే తప్ప వాటిని అమ్మే మనిషిని ఎన్నడూ చూడని మధ్యతరగతి జనం ఉలిక్కిపడ్డారు. అయితే చట్టం మాత్రం నత్తనడకే నడిచింది. కొట్టు ఉద్యోగికి వారంలో ఒక పూట సెలవు చట్టబద్ధం కావడానికి 1911 దాకా ఆగాల్సి వచ్చింది.

1898లో ఆమె యూనియన్ సహాయ కార్యదర్శి. మరుసటి ఏడాది ప్లిమత్‌లో కార్మిక సంఘాల మహాసభ జరిగితే అంతమంది ప్రతినిధుల్లో ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆ సభ చిన్నదేం కాదు. కార్మికుల తరఫున పార్లమెంటుకు మనుషుల్ని పంపే ఏర్పాటు చేయాలన్న తీర్మానం అక్కడే వచ్చింది. 5,46,000 ఓట్లు అనుకూలం, 4,34,000 వ్యతిరేకం. ఓట్లంటే సభలో లేచిన చేతులు కావు, ఒక్కో సంఘం వెనకున్న సభ్యుల సంఖ్య. లేబర్ పార్టీకి విత్తనం పడింది ఆ రోజే. ఆమె తీర్మానాన్ని సమర్థించింది.

ఇక్కడిదాకా కౌంటరుకు లోపలి కథ. బయటి కథ సహకార కొట్టుది.

సహకార కొట్లో కొనేది ఎవరు? సభ్యత్వం చాలాచోట్ల మొగుడి పేరున ఉన్నా, బుట్ట పట్టుకుని వెళ్లేది పెళ్లాం. మూడు నెలలకోసారి వచ్చే డివిడెండుతో పిల్లల బూట్లు కొనేదీ ఆవిడే. ఈ ఆడవాళ్లను కూడగట్టడానికి 1883లో మహిళా సహకార గిల్డు పుట్టింది. 1889లో మార్గరెట్ లెవెలిన్ డేవిస్ దానికి కార్యదర్శి అయ్యాక అది టీ, కుట్టుపనుల కాలక్షేపంగా మిగల్లేదు. కూలీల భార్యలు సభలో లేచి మాట్లాడటం, లెక్కలు అడగటం, మంత్రులకు వినతిపత్రాలివ్వటం నేర్చుకున్న బడి అది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి 30 వేలమందికి పైగా సభ్యులు. వాళ్లలో ఎక్కువమంది జీతం అనేదే లేని గృహిణులు. దేశంలో అంతకన్నా విలువైన మహిళా సంస్థ అప్పట్లో లేదని నా అభిప్రాయం. ఓటుహక్కు కోసం గుర్రాల కింద పడ్డవాళ్ల పేర్లు మనకు తెలుసు, వీళ్ల పేర్లు తెలీవు.

యూనియన్‌లో పనిచేస్తున్న బాండ్‌ఫీల్డ్ ఈ గిల్డులోకి వచ్చి డేవిస్‌తో చేతులు కలిపింది. అప్పుడు తేలిన చిక్కు ఇది: కొనేవాళ్లు యజమానులైన కొట్లో కూడా అమ్మే పిల్లకు జీతం తక్కువే. చౌకగా కావాలి, డివిడెండు ఎక్కువ రావాలి, మరి జీతాలు పెంచేదెలా? సభ్యుల సమావేశంలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు నేల చూపులు చూసినవాళ్లు తక్కువేం కాదు. గిల్డు ఆడవాళ్లు మాత్రం వెనక్కి తగ్గలేదు. సహకార ఉద్యోగుల సంఘంతో కలిసి, పద్నాలుగేళ్ల పిల్లకు వారానికి 5 షిల్లింగులతో మొదలై ఇరవయ్యేళ్లకు 17 షిల్లింగులకు చేరే కనీస వేతనం కావాలని ఊరూరా తీర్మానాలు చేయించారు. ఉద్యమంలో అతిపెద్ద సంస్థ అయిన హోల్‌సేల్ సొసైటీ 1912లో ఒప్పుకుంది. తన డివిడెండు కాస్త తగ్గినా ఫర్వాలేదు, అమ్మే పిల్లకు జీతం పెంచండని ఓటేసిన గృహిణి సహకారోద్యమ చరిత్రలో రాచ్‌డేల్ నేతగాళ్ల పక్కన కూర్చోదగ్గ మనిషి.

ఇంకో గెలుపు ప్రసూతి భృతి. 1911లో లాయిడ్ జార్జ్ తెచ్చిన జాతీయ బీమా చట్టంలో కాన్పుకు 30 షిల్లింగులు పెట్టించడానికి గిల్డుతోపాటు బాండ్‌ఫీల్డ్ కూడా తిరిగింది, వాదించింది. చట్టం వచ్చింది గానీ, బీమా మొగుడి పేరున ఉంటే డబ్బు మొగుడి చేతికి పోతోంది. కాన్పు ఆవిడది, సంతకం ఆయనది. ఆ డబ్బు తల్లి సొత్తే కావాలని గిల్డు మళ్లీ ఉద్యమం నడిపి 1913లో చట్టాన్ని సవరింపజేసింది. భార్య అంటే భర్త లెక్కలో ఒక పద్దు కాదు, ఆమెకు ఆమెదే హక్కు అని ఇంగ్లండు చట్టం ఒప్పుకున్న సందర్భాల్లో ఇది ఒకటి. ఈ వాక్యం పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి, ముందు పనిపడుతుంది.

ఓటుహక్కు విషయంలో ఆమె దారి వేరు. ఆస్తి ఉన్న ఆడవాళ్లకు ముందు ఓటు ఇస్తే చాలన్నవాళ్లతో ఆమె కలవలేదు. ఇస్తే యుక్తవయసు వచ్చిన ఆడా మగా అందరికీ ఇవ్వాలంది. దానికి చాలామందికి కోపం వచ్చింది. కొట్టు మీద పడుకునే మగ గుమాస్తాకు కూడా ఓటు లేదన్నది ఆమెకు తెలిసినంత దగ్గరగా వాళ్లకు తెలీదు.

1906లో ఆమె స్నేహితురాలు మేరీ మెకార్థర్ మహిళా కార్మికుల జాతీయ సమాఖ్య స్థాపించింది. బాండ్‌ఫీల్డ్ అందులోనూ పనిచేసింది. ఆ ఇద్దరూ 1919 చివర్లో వాషింగ్టన్ వెళ్లారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి సమావేశం అది. అక్కడ కథ మన దాకా వస్తుంది. పరిశ్రమల్లో పిల్లల్ని 14 ఏళ్ల లోపు పనిలో పెట్టుకోకూడదని ఒప్పందం రాస్తున్నారు. ఇండియా సంగతి వచ్చేసరికి అది వేరే దేశం, వేరే పరిస్థితులు, ఇప్పట్లో వదిలేద్దామన్న ధోరణి కనిపించింది. అప్పటికి మన ఫ్యాక్టరీ చట్టం ప్రకారం తొమ్మిదేళ్ల పిల్లవాణ్ని మిల్లుకు పంపొచ్చు. వదిలేయడానికి వీల్లేదని పట్టుబట్టినవారిలో బాండ్‌ఫీల్డ్ ఒకతె. చివరికి ఇండియాకు 12 ఏళ్లు అని ప్రత్యేక నిబంధన చేర్చారు. భారత కార్మికుల తరఫున ఆ సమావేశానికి ఎన్.ఎం. జోషి, మద్రాసు లేబర్ యూనియన్ పెట్టిన బి.పి. వాడియా వెళ్లారు. 1922లో సవరించిన మన ఫ్యాక్టరీ చట్టంలో కనీస వయసు 12 అయింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం గనక అక్కడి మిల్లులకూ అదే చట్టం.

తర్వాతి పదేళ్లు త్వరగా చెప్పుకోవచ్చు. 1921 జనవరి 1న మేరీ మెకార్థర్ చనిపోయింది. అదే రోజు ఆమె సమాఖ్య జనరల్ వర్కర్ల యూనియన్‌లో కలిసింది, అందులో మహిళా విభాగం బాధ్యత బాండ్‌ఫీల్డ్‌ది. 1923లో కార్మిక సంఘాల మహాసభ మండలికి తొలి మహిళా అధ్యక్షురాలు. అదే ఏడాది డిసెంబరులో నార్తాంప్టన్ నుంచి పార్లమెంటుకు. లేబర్ పార్టీ తరఫున గెలిచిన మొదటి ముగ్గురు ఆడవాళ్లలో ఒకతె. ఏడాది తిరక్కుండానే ఓడిపోయింది. 1926 ఉప ఎన్నికలో ఇంగ్లండు ఉత్తరాన, ఓడలు కట్టే వాల్‌సెండ్ నుంచి మళ్లీ గెలిచింది. ఆ మధ్యలో బ్లేన్స్‌బరో కమిటీ అని నిరుద్యోగ బీమా మీద ప్రభుత్వం ఒక కమిటీ వేస్తే అందులో కూర్చుంది. 1927లో వచ్చిన నివేదిక కొందరికి భృతి తగ్గించమంది. దాని కింద ఆమె సంతకం ఉంది. సొంత పార్టీ మహిళలే దుమ్మెత్తిపోశారు. అన్నిటికన్నా ముందు నిధి దివాలా తీయకూడదని ఆమె వాదన. అదొక ముందస్తు సూచన.

1929 జూన్‌లో రామ్‌సే మెక్‌డొనాల్డ్ రెండో లేబర్ ప్రభుత్వంలో ఆమెకు కార్మిక మంత్రిత్వ శాఖ ఇచ్చాడు. కేబినెట్‌లో ఆడమనిషి అడుగుపెట్టడం అదే మొదటిసారి. ప్రమాణ స్వీకారంలో రాజు నోరు తెరవకపోవడం ఆనవాయితీ, ఐదో జార్జి ఆ రోజు దాన్ని పక్కనపెట్టి మాట కలిపాడు. లేసు పట్నం పిల్ల, బట్టల కొట్టు పిల్ల! పత్రికలు పండగ చేసుకున్నాయి.

అక్టోబరులో న్యూయార్క్ షేర్‌మార్కెట్ కూలింది. ఆమె కుర్చీ ఎక్కినప్పుడు దేశంలో నిరుద్యోగులు 11 లక్షల పైచిలుకు. రెండేళ్లకు 27 లక్షలు. నిరుద్యోగ బీమా నిధికి కార్మికులు, యజమానులు, ప్రభుత్వం కట్టే చందాలు ఎటూ చాలక అప్పు 10 కోట్ల పౌండ్లు దాటింది. అప్పు పరిమితి పెంచండని ఆమె నెలల తేడాతో సభ ముందుకు రావాల్సి వచ్చేది, వచ్చిన ప్రతిసారీ అటు ప్రతిపక్షం ఎగతాళి, ఇటు సొంత వెనక బెంచీల చిరాకు. న్యాయంగా ఒక మాట చెప్పాలి. 1930లో ఆమె తెచ్చిన చట్టం, నిజంగా పని వెతుక్కుంటున్నావా అని నిరూపించమనే పాత పీడను తీసేసింది. అది చాలామందికి ఊరట.

అయితే 1931 జులైలో వచ్చిన చట్టం వేరు. దాని పేరులోనే భృతిలోని 'అసంగతాలు' తొలగిస్తామని ఉంది. ఎవరా అసంగతులు? సీజను పనివాళ్లు, వారంలో రెండు మూడు రోజులే పని దొరికేవాళ్లు, పెళ్లయిన ఆడవాళ్లు. పెళ్లి చేసుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు కూడా భృతి పట్టుకుపోతున్నారని పేపర్లలో కథలు. దాంతో పెళ్లికి ముందు ఎన్నేళ్లు చందా కట్టినా లెక్కలోకి రాదు, పెళ్లయ్యాక కొన్ని చందాలు కట్టి ఉండాలి, ఆ ఊళ్లో పని దొరికే అవకాశం ఉందని కూడా చూపించాలి అని నిబంధనలు వచ్చాయి. లంకషైర్ నూలు పట్నాల్లో పెళ్లయినా మగ్గం మానని సంప్రదాయం తరతరాలది. అక్కడ మిల్లు మూతపడితే ఊళ్లో ఎవరికీ పని దొరకదు, ఇక ఆవిడకు దొరికే అవకాశం ఎలా చూపిస్తుంది? ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజి కౌంటరు ముందు నిలబడి, పుస్తకంలో అంటించిన స్టాంపులు చూపించి, నీకు లేదు పొమ్మంటే వెనక్కి తిరిగిన వివాహిత స్త్రీలు మొదటి ఏడాది లోపే లక్షకు మించారు. బిల్లు మీద రాత్రంతా సభ నడిచింది. మాక్స్‌టన్, ఆయన వెంటనున్న ఎర్రజెండా లేబర్ సభ్యులు అడుగడుగునా అడ్డుపడ్డారు. అయినా గట్టెక్కింది.

1913లో తల్లి చేతికి 30 షిల్లింగులు ఇప్పించి, భార్య భర్త లెక్కలో పద్దు కాదని చెప్పిన గిల్డుతో చేతులు కలిపిన మనిషే 1931లో ఆ పద్దు మళ్లీ తెరిచింది. అధికారం కోసం అమ్ముడుపోయిందని కొందరు రాశారు. నాకు అలా అనిపించదు. యూనియన్ నిధులు చూసుకుంటూ పెరిగిన మనిషి ఆమె. చందా కట్టినవాడికి హక్కు, ఊరకే అడిగినవాడికి అనుమానం అనే లెక్క యూనియన్ కచేరీల్లో పుట్టిందే. ఇంటికి ఒక జీతం, అది మగవాడిది అన్న నమ్మకం కూడా అక్కడ బలంగా ఉండేది. ఆ బిల్లును సమర్థించిన యూనియన్ నాయకులు తక్కువేం కాదు. నిధి మునిగితే అందరిదీ పోతుందన్న భయంలో ఎవర్ని ముందు పడవలోంచి దించాలన్న ప్రశ్న వచ్చింది. దించిన జాబితాలో పెళ్లయిన ఆడవాళ్లుండటం ఆమెకు అన్యాయంగా తోచకపోవడమే నన్ను తొలిచే సంగతి. గిల్డులో ఆమె పక్కన కూర్చున్నవాళ్లు సరిగ్గా ఆ ఆడవాళ్లే.

ఆగస్టులో ప్రభుత్వమే కూలింది. భృతిలో నూటికి పది కోత పెట్టాలా వద్దా అని 23వ తేదీన కేబినెట్ చీలింది, 11 మంది పెట్టాలన్నారు, 9 మంది కాదన్నారు. బాండ్‌ఫీల్డ్ ఆ పదకొండులో ఉంది. మెక్‌డొనాల్డ్ పార్టీని వదిలి కన్సర్వేటివ్‌లతో జాతీయ ప్రభుత్వం కట్టినప్పుడు మాత్రం ఆమె వెంట వెళ్లలేదు, లేబర్‌లోనే ఉండిపోయింది. దానివల్ల ఆమెకు దక్కిన మెప్పు ఏమీ లేదు. అక్టోబరు ఎన్నికల్లో ఓడల కార్ఖానాలు మూతపడి ఉన్న వాల్‌సెండ్‌లో నిలబడింది. ఐరీన్ వార్డ్ అనే కన్సర్వేటివ్ మహిళ చేతిలో ఓడింది. 1935లో మళ్లీ పోటీ, మళ్లీ అదే చేతిలో ఓటమి.

1938 దాకా యూనియన్ పని చేసింది. యుద్ధకాలంలో మహిళల ప్రజాసంక్షేమ బృందానికి అధ్యక్షత వహించింది. బాంబుల భయంతో నగరాల నుంచి పల్లెలకు పంపిన పిల్లల ఒంటి మీద బట్టలు, పేలు, చర్మరోగాలు చూసి నోళ్లు నొక్కుకున్నవాళ్లకు ఆ పేదరికం ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ బృందం 1943 నివేదికలో చెప్పింది. 1945లో ఎలెన్ విల్కిన్సన్ విద్యామంత్రి అయ్యేదాకా కేబినెట్‌లోకి మరో ఆడమనిషి రాలేదు. బాండ్‌ఫీల్డ్ పెళ్లి చేసుకోలేదు. ఆత్మకథ రాసుకుంది. 1953 జూన్ 16న, ఎనభయ్యో ఏట కన్నుమూసింది. అంత్యక్రియలకు క్లెమెంట్ అట్లీ వచ్చాడు.

వచ్చే సంచికలో మేరీ మెకార్థర్, 1910లో క్రాడ్లీ హీత్‌లో ఇంటి వెనక కొలుముల దగ్గర గొలుసులు కొట్టే ఆడవాళ్ల సమ్మె.